ఎత్తైన కొండల మంచులో స్నోమొబైల్: బరువు తగ్గించాలా, టర్బో పెట్టించాలా?

ప్రశ్న (పొడిమంచు)

అందరికీ నమస్కారం. 850 సీసీ టూ స్ట్రోక్ ఇంజను, 154 అంగుళాల ట్రాక్ ఉన్న మౌంటెన్ స్నోమొబైల్‌ను (ముందు స్కీలు, వెనక రబ్బరు పట్టా లాంటి ట్రాక్ ఉండే మంచుబండిని) నాలుగు శీతాకాలాలుగా నడుపుతున్నాను. నేను తిరిగే ప్రాంతం సముద్రమట్టానికి 2,400 నుంచి 3,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. సగం రోజు చెట్ల నడుమ ఇరుకు దారుల్లోనూ, మిగతా సగం పైనున్న తెరిపి వాలుల మీదా గడుస్తుంది. మోకాలిలోతు మంచులో ఈ బండి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కొత్త మంచు నడుము దాకా పడిన రోజున మాత్రం, వాలు ముప్పాతిక వంతు ఎక్కేసరికి ఇంజను మోత సన్నగిల్లి, ట్రాక్ ముందుకు లాగడం మాని కిందికి తవ్వుకోవడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత పార పట్టుకోవడం తప్ప చేయగలిగింది ఏమీ ఉండదు.

నాతో వచ్చేవారిలో ఒకరు తేలిక సైలెన్సర్, లిథియం బ్యాటరీ, కాయిల్ స్ప్రింగుల స్థానంలో ఎయిర్ షాక్‌లు, సన్న సీటు పెట్టుకుంటే 12, 13 కిలోలు తగ్గుతాయని, బండి పిట్టలా తేలుతుందని చెబుతున్నారు. ఇంకొకరు అదే డబ్బుకు మరికొంత కలిపి టర్బో కిట్ (ఇంజనులోకి గాలిని నొక్కి పంపే పరికరం) పెట్టించుకోమని, ఆ ఎత్తులో శక్తి లేని బండిని ఎంత తేలిక చేసినా ఒకటేనని అంటున్నారు. రెండూ చేయించుకునే స్తోమత నాకు లేదు. రెండింటితోనూ నడిపి చూసినవారు దయచేసి కారణాలతో సహా చెప్పగలరు.

జవాబు (ఎత్తుగాలి)

వాలు చివరికి వచ్చేసరికి ఇంజను మోత తగ్గుతోందని రాశారు కాబట్టి, మీ సమస్య బరువుకంటే శక్తికి సంబంధించినదని నా అభిప్రాయం. ఒక్కసారి లెక్క వేసి చూడండి. సముద్రమట్టం దగ్గర ఉండే గాలి పీడనంలో 3,000 మీటర్ల ఎత్తున మిగిలేది దాదాపు 70 శాతమే. టర్బో లేని ఇంజను ప్రతి 300 మీటర్లకూ ఇంచుమించు 3 శాతం శక్తిని పోగొట్టుకుంటుంది కనుక, కింద 165 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజను మీరు తిరిగే చోట 115, 120 దగ్గర ఆగిపోతుంది. ఇక బరువు సంగతి. బండి 210 కిలోలు, పెట్రోలు 25 కిలోలు, బూట్లూ బ్యాగూ కలుపుకొని మనిషి 100 కిలోలు అనుకుంటే మొత్తం 335 కిలోలవుతుంది. అందులోంచి 13 కిలోలు తీసేస్తే తగ్గేది 4 శాతం, అంటే ఆ ఎత్తులో 5 హార్స్‌పవర్ పెరిగినదానితో సమానం. టర్బో తిరిగి తెచ్చిపెట్టేది 40కి పైమాటే. టర్బో, నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, గొట్టాలు అన్నీ కలిసి 20 కిలోల బరువు పెంచాయనుకున్నా, ఆ పెంపు 9 హార్స్‌పవర్‌కు మించి తినదు.

టర్బో అనగానే ఇంజనును దాని శక్తికి మించి తోలి పేల్చేస్తారన్న భయం చాలామందిలో ఉంది. 3,000 మీటర్ల దగ్గర 0.3 బార్ బూస్ట్ (టర్బో అదనంగా చేర్చే గాలి పీడనం) ఇస్తే ఇంజనులోకి వెళ్లే గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నంత అవుతుంది, అంతే. అంటే అంతవరకూ మనం అదనంగా కోరుతున్నది ఏమీ లేదు, కొండ లాగేసుకున్నదాన్ని వెనక్కి తెచ్చుకుంటున్నాం. (నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి పూర్తిగా సమానం అనలేం, ఇంటర్‌కూలర్ ఉన్నది అందుకే.) స్కీ-డూ సంస్థ 2020 మోడల్‌లో ఫ్యాక్టరీ నుంచే టర్బోతో తెచ్చిన 850 టూ స్ట్రోక్ ఇంజను ఉద్దేశం కూడా ఇదే: 2,400 మీటర్ల దాకా 165 హార్స్‌పవర్ తగ్గకుండా చూడడం. ఆ తర్వాత 2022 మోడల్‌గా పొలారిస్ సంస్థ టర్బో ఇంజను ప్యాట్రియట్ బూస్ట్ వచ్చింది. ఇబ్బందులు మొదలయ్యేది, ఆ 0.3 రుచి మరిగి 0.6కీ 0.7కీ పోయినప్పుడు. అప్పుడు మామూలు పెట్రోలు సరిపోదు, డెటొనేషన్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) వచ్చి పిస్టన్ తల గుంటలు పడుతుంది, బెల్టులు (ముందు, వెనక క్లచ్‌ల మధ్య తిరుగుతూ ఇంజను శక్తిని ట్రాక్ వైపు అందించేవి) తెగుతాయి.

జవాబు (బక్కబండి)

ఎత్తుగాలి గారి లెక్కతో నాకు పేచీ లేదు. అయితే ఆ లెక్క త్రోటిల్ (యాక్సిలరేటర్) పూర్తిగా నొక్కి తెరిపి వాలు ఎక్కుతున్నప్పటిది. మీ రోజులో సగం చెట్ల మధ్య గడుస్తుందని మీరే రాశారు. అక్కడ త్రోటిల్ పావు వంతు దాటడం అరుదు, బండిని ఒక పక్కకు ఒరిగించి ఒకే స్కీ మీద వాలుకు అడ్డంగా నడిపించడమే పని. ఆ పనిలో హార్స్‌పవర్ కాదు, హ్యాండిల్ దగ్గర చేతికి తెలిసే బరువు ముఖ్యం. అన్ని కిలోలూ ఒకటి కావు. సీటు కింద తగ్గిన కిలో కంటే ముందు భాగంలో, ఎత్తున తగ్గిన కిలో బండిని ఒరిగించేటప్పుడు ఎంతో ఎక్కువ తేలికనిస్తుంది. సైలెన్సర్ మార్పును మొదట చేయమనేది అందుకే. టర్బో సామాను కూడా సరిగ్గా ఆ ముందు భాగంలోకే వచ్చి కూర్చుంటుందని మరచిపోకండి.

నేను టర్బో కిట్ పెట్టించుకుని రెండు శీతాకాలాలు నడిపి, తీసేసినవాణ్ని. కిట్ ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. తీసేయడానికి కారణం శక్తి చాలకపోవడం కాదు. చెట్ల మధ్య చిన్న గట్టు ఎక్కడానికి త్రోటిల్ నొక్కితే క్షణం ఆలస్యంగా, అదీ కావలసినదానికంటే ఎక్కువగా శక్తి వచ్చేది. ఒకరోజు అలాగే ఒక వాగు గుంటలోకి ముక్కు దిగబడింది. బండిని పక్కకు దొర్లించి పైకి తిప్పుదామని ఇద్దరం నడుములు విరిగేలా ప్రయత్నించాం. మునుపు ఒక్కణ్నే దొర్లించిన బండి అది. మూడోసారి కదిలింది. కదిలాక చూస్తే బెల్టు తెగి, దాని నూలుపోగులు వెనక క్లచ్ ఇరుసుకు బిగుసుకుపోయి ఉన్నాయి. చేతి తొడుగులు తీసి, చాకు మొనతో ఒక్కొక్క పోగునూ కోసి లాగడానికి ముప్పావు గంట పట్టింది, ఆ తర్వాత వేళ్లకు స్పర్శ రావడానికి అంతకంటే ఎక్కువసేపు పట్టింది. కిట్ అమర్చినప్పుడు క్లచ్ సరిగా సరిచేయలేదన్నది తర్వాత తెలిసిందనుకోండి, ఆ తప్పు టర్బోది కాదని ఒప్పుకుంటాను.

ఇంకో మాట. ఫ్యాక్టరీ బండ్లలో కూడా తేలిక వైపు మొగ్గు కనిపిస్తూనే ఉంది. ఆర్కిటిక్ క్యాట్ సంస్థ 2024 మోడల్‌గా తెచ్చిన క్యాటలిస్ట్‌లో 600 ఇంజను పెట్టి, బరువంతా నడిమికి చేర్చి, ట్రాక్‌ను తిప్పడానికి చెయిన్ బదులు బెల్ట్ డ్రైవ్ ఇచ్చారు. చెట్లలో దాన్ని నడిపితే, 850 ఎందుకన్న సందేహం నాకైతే కలిగింది.

జవాబు (పారమిత్రుడు)

డబ్బు పెట్టకుండా తగ్గే బరువును ఎవరూ ప్రస్తావించలేదు. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలో ఉంటుంది. పగటిపూటంతా తిరిగినా 20 లీటర్లు దాటని చోటికి 36 లీటర్లు నింపుకుని వెళ్లేవారు, వేలు పోసి కొన్న సైలెన్సర్ లాభాన్ని బంకులోనే పోగొట్టుకుంటున్నారు. దారితప్పితే చాలేంత నిల్వ ఉంచుకోండి, అంతకుమించి వద్దు. మధ్యాహ్నానికి పాదాల పలకల మీదా, టన్నెల్ (ట్రాక్ మీద కప్పులా ఉండే భాగం) లోపలా గడ్డకట్టే మంచు కూడా కిలోల లెక్కలోనే ఉంటుంది, ఆగినప్పుడల్లా తన్ని రాల్చేయండి. టర్బో బండికి పెట్రోలు ఎక్కువ కావాలి కాబట్టి ఆ బరువునూ దాని ఖాతాలోనే వేయాలి.

పొడవైన ట్రాక్ గురించి కూడా ఆలోచించండి. 154 నుంచి 165 అంగుళాలకు వెళితే పెరిగిన 11 అంగుళాల్లో మంచు మీద ఆనేది సగమే అయినా, మీరు చెప్పిన కూరుకుపోవడానికి 13 కిలోలు తీసేయడంకంటే అది మంచి మందు. చెట్లలో మలుపు తిరిగేటప్పుడు ఆ పొడవు కాస్త విసిగిస్తుంది.

ఒక పక్కమాట: టర్బోతో ఇంతకు ముందు ఎక్కలేని వాలులు ఎక్కగలుగుతారు, అవి ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండేవే, హిమపాతాలు విరిగిపడేదీ అక్కడే. బీకన్ (మంచులో పూడిపోయినవారి జాడ తెలిపే రేడియో పరికరం), పార, ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) బరువును మాత్రం తగ్గించే జాబితాలో పెట్టకండి.

పొడిమంచు

అందరికీ కృతజ్ఞతలు. బక్కబండి గారు క్లచ్ మాట ఎత్తాక అనుమానం వచ్చి, నిన్న అదే వాలు మీద మీటరు గమనించాను. పూర్తి త్రోటిల్‌లో, గరిష్ఠ శక్తి వచ్చేదిగా తయారీదారు చెప్పిన ఆర్‌పీఎం కంటే 350 తక్కువ చూపించింది. ఈ బండిని లోతట్టు ప్రాంతంలో నడిపినవారి దగ్గర కొన్నాను, క్లచ్‌ను ఇంతవరకూ విప్పలేదు. దీనికీ నేను కూరుకుపోవడానికీ సంబంధం ఉందా?

జవాబు (ఎత్తుగాలి)

చాలా ఉంది. ఈ సంగతి ముందే తెలిస్తే పైన అంత లెక్క రాసేవాణ్ని కాదు. ఇంజను వైపున్న ముందు క్లచ్‌లోని బరువులు (తిరిగే వేగానికి బయటికి విసురుకుని క్లచ్‌ను మూసేవి) ఇంజను టార్క్‌కు, అంటే తిప్పే బలానికి, తగ్గట్టు ఉండాలి. ఎత్తుకు వెళ్లాక టార్క్ తగ్గుతుంది, కానీ లోతట్టుకు అమర్చిన బరువులు అలాగే ఉంటే అవి క్లచ్‌ను తొందరగా మూసేసి, బెల్టును పై గేరు వైపు నెట్టేస్తాయి. అప్పుడు ఇంజను ఆర్‌పీఎం పడిపోతుంది, ట్యూన్ చేసిన ఎగ్జాస్ట్ పైప్ బాగా పనిచేసే హద్దు కంటే కిందికి జారిపోతుంది, టూ స్ట్రోక్ అక్కడి నుంచి కోలుకోవడం కష్టం. మీరు విన్న మోత సన్నగిల్లడం ఇదే కావచ్చు.

టర్బోనూ తేలిక సామానునూ పక్కన పెట్టి, ముందు మీ బండి తయారీదారు ఎత్తులవారీగా ఇచ్చిన క్లచ్ పట్టికను చూడండి. కొన్ని బండ్లలో బరువులే మార్చాలి, కొన్నింటిలో సర్దుబాటు స్క్రూలు తిప్పితే చాలు. బరువులు మార్చే రకమైతే ఒకటి రెండు గ్రాముల తేడాకే 100, 200 ఆర్‌పీఎం మారుతుంది కాబట్టి, ఒకేసారి ఎక్కువ తగ్గించకండి. పనిలో పనిగా బెల్టు వెడల్పు కొలవండి, అరిగిన బెల్టు కూడా లెక్క తప్పిస్తుంది. కొత్త అమరికతో అదే వాలును, అదే రకం మంచులో, ట్యాంకులో అంతే పెట్రోలుతో ఎక్కి మీటరు ఎంత చూపిందో ఇక్కడ రాయండి. ఆర్‌పీఎం సరిగ్గా నిలిచి కూడా అదే చోట కూరుకుపోతే, అప్పుడు 0.3 బార్ గురించి మాట్లాడుకుందాం.