మెడీవల్, రినైసాన్స్ స్టడీస్ మేజర్ చేస్తానంటోంది మా అమ్మాయి. ఒప్పుకోవాలా?

ఎడిసన్ నాన్న:
మా పెద్దమ్మాయి ఇక్కడే న్యూజెర్సీలో పుట్టింది. కాలేజీలో రెండో ఏడు, మేజర్ (డిగ్రీలో ముఖ్య సబ్జెక్టు) డిక్లేర్ చేసే టైమొచ్చింది. కంప్యూటర్ సైన్స్ కాకపోయినా ఎకనామిక్స్ అయినా అంటుందనుకున్నాం. మధ్యయుగాల ఐరోపా, ఆ తర్వాతి రినైసాన్స్ (పునరుజ్జీవన కాలం) చరిత్ర, ల్యాటిన్, చర్చిల బొమ్మలు, ఇటలీ కవి దాంతే కవిత్వం అన్నీ కలిపి ఒకే డిగ్రీ ఉందట, అదే కావాలంది. చదువు మంచిదా చెడ్డదా అని కాదు నా బాధ. ఇంత ఫీజు కట్టాక చేతికి ఏమొస్తుంది? వాళ్లమ్మకి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

కోటప్పకొండ కుర్రాడు:
వద్దండి. అంత ఇష్టముంటే మామూలు హిస్టరీ మేజర్ చేయమనండి, ఇంటర్వ్యూలో ఒక్క ముక్కలో చెప్పుకోవచ్చు. దీని పేరు విడమరిచి చెప్పేసరికే టైమైపోతుంది. ఇండియా నుంచి ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చే పిల్లలైతే అటు చూడనే కూడదు. డిగ్రీ అయ్యాక ఓపీటీ, అంటే ఇక్కడ పని చేసుకునే అనుమతి, 12 నెలలే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) వాళ్లకి దొరికే అదనపు 24 నెలలు దీనికి రావు. మీ పాప సిటిజన్ కాబట్టి ఆ గొడవ లేదు, అంతవరకు అదృష్టం.

పాతకాగితం:
అన్నగారూ, నేను చదివింది ఇదే. ఇప్పుడు లా ఫర్మ్‌లో కాంట్రాక్టులు చూస్తాను. బొమ్మలూ కవిత్వమే అనుకుంటున్నారు గానీ అసలు చాకిరీ వేరే ఉంటుంది. చేతిరాత ల్యాటిన్‌లో సగం మాటలు కుదించి రాస్తారు. ‘పి’ అక్షరం కాలికి అడ్డగీత ఉంటే ‘పెర్’, అదే గీత తల మీదుంటే ‘ప్రే’. అప్పటి పుస్తకాల తోలు పుటల్లో వెంట్రుకలున్న వైపు పసుపుపచ్చగా, లోపలి వైపు తెల్లగా ఉంటుంది. పుస్తకం తెరిస్తే సాధారణంగా ఎదురెదురు పేజీలు ఒకే రంగులో కనిపించాలి. ఒకవైపు పచ్చన, ఒకవైపు తెలుపు వచ్చిందంటే మధ్యలో ఆకు పోయిందేమోనని ముందు అనుమానించాలి. కాంట్రాక్టులో అనుబంధం మాయమైతే పట్టుకునే కన్ను నాకు అక్కడే వచ్చింది.

ఇక ఎకనామిక్స్ అంటారా, ఇటలీలో ప్రాతో ఊరి వ్యాపారి దాతీని అనే ఆయన 1410లో చనిపోయాడు. సుమారు లక్షన్నర ఉత్తరాలు, వందల లెక్కల పుస్తకాలు మిగిల్చాడు. ఉన్ని ధర, సరుకు బీమా, హుండీలు (వర్తకుల చెల్లింపు పత్రాలు), భార్యతో పోట్లాటలు, అన్నీ వాటిలో ఉన్నాయి. అంతకంటే మంచి ఎకనామిక్స్ పాఠం ఎక్కడుంది?

కోటప్పకొండ కుర్రాడు:
మేడమ్, మీరు లాయరైంది లా స్కూల్ వల్ల. దీనివల్ల కాదు.

పాతకాగితం:
నిజమే, ఇంకో మూడేళ్ల ఫీజు కూడా పడింది. అప్పు చేసి చదివే ఇంట్లో పిల్లకి ఇదొక్కటే మేజర్‌గా చేయమని నేనూ చెప్పను. కానీ లా స్కూలైనా మెడికల్ స్కూలైనా ఫలానా మేజరే ఉండాలని అడగవు. మెడిసిన్‌కి కెమిస్ట్రీ, బయాలజీ లాంటి ముందు కోర్సులు పూర్తి చేస్తే చాలు. ఈ మేజర్ చేస్తే తలుపులన్నీ మూసుకుపోతాయనుకోవడం మాత్రం తప్పు.

ఓరుగల్లు కోడలు:
నాదొకటే ప్రశ్న. మన కాకతీయులు, రాయలవారు ఏమైపోయారు? మధ్యయుగం అంటే ఐరోపా ఒక్కటేనా?

పాతకాగితం:
ఆ రెండింటికీ గోడ లేదండీ. కాకతీయుల రేవు మోటుపల్లి గురించి, అక్కడ ఏలుతున్న రాణి గురించి, సన్నటి బట్టల గురించి వెనిస్ యాత్రికుడు మార్కో పోలో రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవే. వెనిస్ వర్తకుడు నికోలో దె కొంతి 1420 ప్రాంతంలో విజయనగరం చూశాడు. అతని కథ విని ల్యాటిన్‌లో రాసిపెట్టింది ఇటలీ పండితుడు పోజ్జో బ్రాచ్చోలిని. ఒక మఠంలో మరుగునపడ్డ ప్రాచీన రోమన్ కవి లుక్రేషియస్ కావ్యాన్ని 1417లో బయటికి తీసిందీ ఆయనే. రినైసాన్స్ అనగానే చెప్పుకునే మనిషి విజయనగరం గురించి ఏం రాశాడో మూలంలో చదవాలంటే ల్యాటిన్ రావాలి కదా.

ఓరుగల్లు కోడలు:
బాగుంది, అంటే మనల్ని వాళ్ల కళ్లతోనే చూడాలన్నమాట. మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. ఓడ పగిలి ఒడ్డుకు చేరిన వర్తకుల సరుకు రాజులు లాక్కునే రోజుల్లో, సుంకం తప్ప మరేమీ తీసుకోమని మాటిచ్చాడు. అది ఏ సిలబస్‌లో ఉంది?

పాతకాగితం:
చాలా చోట్ల లేదు, మీ కోపం న్యాయమే. ప్రాచీన తెలుగు నేర్పే డిపార్ట్‌మెంట్లు అమెరికాలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ల్యాటిన్ దాదాపు ప్రతి పెద్ద యూనివర్సిటీలో దొరుకుతుంది. అన్నగారూ, మీరు పాపని రెండే అడగండి: ల్యాటిన్ తప్పనిసరా? చివరి ఏడాది మూలపత్రాల మీద థీసిస్ రాయిస్తారా? రెండూ లేకపోతే ఆ మేజర్ పెళ్లి బఫే లాంటిది, అన్నీ ఒక్కో స్పూన్ వడ్డిస్తారు. అప్పుడు కుర్రాడు చెప్పినట్టు హిస్టరీయే నయం.

ఎడిసన్ నాన్న:
అడిగానమ్మా. థీసిస్ ఉందట, ల్యాటిన్ తప్పనిసరేనట. ఎకనామిక్స్ మైనర్ (పక్కన చదివే రెండో సబ్జెక్టు) కూడా చేస్తానంది. వాళ్లమ్మ ఇంకా మెత్తబడలేదు.

కోటప్పకొండ కుర్రాడు:
ఎకనామిక్స్ మేజర్, ఇది మైనర్ అని తిప్పమనండి సార్. ఇంట్లో అందరూ హాయిగా నిద్రపోతారు.

పాతకాగితం:
అలా తిప్పితే ముందు ఎగిరిపోయేది ల్యాటినే.