రెడ్ స్నాపర్ సీజన్ రోజులు ఎవరు నిర్ణయించాలి: రాష్ట్రమా, ఫెడరలా?

గాల్వెస్టన్ రాజు:

టెక్సస్ తీరంలో బోటు కొనుక్కుని గాలం వేటకి వెళ్ళే మనవాళ్ళు పెరుగుతున్నారు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను అడిగేది ఒకటే: "అన్నా, ఈ రోజు స్నాపర్ పట్టొచ్చా, పట్టకూడదా?" దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోతున్నాను. అందుకే ఈ చర్చ.

స్నాపర్ అంటే రెడ్ స్నాపర్ అనే ఎర్ర చేప. సముద్రం ఒకటే, చేప ఒకటే. ఒడ్డు నుంచి 9 నాటికల్ మైళ్ళ వరకు టెక్సస్ నీళ్ళు. అక్కడ ఏడాది పొడవునా పట్టుకోవచ్చు, మనిషికి 4 చేపలు, 15 అంగుళాల పొడవు ఉంటే చాలు. ఏళ్ళ తరబడి నడిచిన రూల్ ఇది. గీత దాటితే ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ నీళ్ళు. అక్కడ మనిషికి 2, పొడవు 16 అంగుళాలు, అదీ సీజన్ తెరిచిన రోజుల్లోనే. చిక్కేమిటంటే 9 మైళ్ళ లోపల మా వైపు లోతు తక్కువ. మంచి చేప ఉండే పాత చమురు రిగ్గులు, రాళ్ళు చాలావరకు గీతకి అవతలే.

2007లో ఫెడరల్ సీజన్ 194 రోజులు. 2014కి 9 రోజులైంది. 2017లో సొంత బోటు ఉన్నవాళ్ళకి ముందుగా ప్రకటించింది 3 రోజులు: జూన్ 1, 2, 3. ఏడాది మొత్తానికి మూడే రోజులిస్తే ఏమవుతుందో ఆలోచించండి. గాలి లేచినా, అల పెద్దగా ఉన్నా "ఇవాళ పోతే మళ్ళీ వచ్చే ఏడాదే" అని చిన్న బోట్లలో పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరతారు. ప్రాణాల మీదికి తెచ్చే రూల్ అది. మా తీరంలో గాలి ఎప్పుడు ఎలా ఉంటుందో మా రాష్ట్రానికి తెలుసు. పెత్తనం మొత్తం రాష్ట్రానికే ఇవ్వాలని నా అభిప్రాయం.

పెన్సకోలా లక్ష్మి:

రాజు గారూ, ప్రాణాల సంగతి మీరన్నది నిజం. కానీ 194 కాస్తా 3 ఎందుకయిందో చెప్పకుండా 3 ఒక్కటే చూపిస్తే ఫెడరల్ వాళ్ళు చేపల వేట మీద పగబట్టారని చదివేవాళ్ళు అనుకుంటారు.

ఇక్కడ అసలు కొలత రోజులు కాదు, పౌండ్లు. 1976 నాటి మాగ్నసన్-స్టీవెన్స్ చట్టాన్ని 2006లో సవరించాక ప్రతి చేపల రకానికీ ఏటా ఇంత బరువుకి మించి పట్టకూడదనే పరిమితి తప్పనిసరైంది. మెక్సికో గల్ఫ్ రెడ్ స్నాపర్‌లో 51 శాతం వ్యాపార వేటకి, 49 శాతం సరదా వేటకి. రాష్ట్ర నీళ్ళలో పట్టినదీ ఈ 49 శాతంలోనే పడుతుంది. టెక్సస్ ఏడాదంతా తెరిచి ఉంచితే, మిగతా రాష్ట్రాలు కూడా తమ నీళ్ళలో రోజులు పెంచుకుంటూ పోతే, ఆ బరువంతా తీసేశాక మిగిలినదే ఫెడరల్ సీజన్. గీతకి ఇవతల పెంచిన ప్రతి రోజూ గీతకి అవతల కోతగా మారింది. పైగా కట్టుబాటు వల్ల చేప కోలుకుని ఒక్కోటీ బరువు పెరిగింది కాబట్టి అదే కోటా ఇంకా తొందరగా నిండిపోయేది. చేప పెరుగుతుంటే రోజులు తగ్గడం జనానికి అన్యాయంగా కనిపించింది. కారణం మాత్రం ఇదే.

2014లో 9 రోజులకి దిగడం వెనక కోర్టు తీర్పు కూడా ఉంది. సరదా వేట ఏటా కోటా దాటుతున్నా ఊరుకుంటున్నారని వ్యాపార జాలర్లు కేసు వేసి గెలిచారు. ఆ తర్వాత కోటాలో 20 శాతం ముందే పక్కన పెట్టారు.

2017లో మీ 3 రోజుల మీద గొడవయ్యాక వాణిజ్య శాఖ ఇంకో 39 రోజులు కలిపింది. పరిమితి బాగా దాటిపోతుందని, చేప కోలుకోవడం ఆరేళ్ళ వరకు వెనక్కి పోవచ్చని తన నోటీసులో తనే రాసుకుంది. 2032 నాటికి స్నాపర్‌ని నిలబెట్టాలని గడువు పెట్టుకున్న చేప ఇది. దాంతో పర్యావరణ సంస్థలు కోర్టుకెళ్ళాయి. ఎన్నికల్లో నిలబడేవాళ్ళ చేతుల్లోకి రోజులు వెళ్తే ఇలాగే జరుగుతుంది. రాష్ట్రం చేతుల్లోకి వెళ్తే జరగదని నమ్మకమేంటి?

ఉప్పాడ వాసి:

అమెరికా సంగతులు నాకు తెలియవు, కానీ మన దగ్గర ఇదే సమస్యని ఎలా చూస్తున్నారో చెబుతాను. మన రాజ్యాంగంలో 12 నాటికల్ మైళ్ళ ప్రాదేశిక జలాల లోపల వేట రాష్ట్ర జాబితాలో, దాని అవతల కేంద్ర జాబితాలో ఉంది. అయినా తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం రెండు చోట్లా ఒకే తేదీల్లో పడుతుంది. అవతల కేంద్రం ఉత్తర్వు, లోపల రాష్ట్రం ఉత్తర్వు. మా రేవులో మర బోట్లు, ఇంజన్ తెప్పలు అన్నీ ఒడ్డెక్కేస్తాయి. ఇంజన్ లేని తెప్పలకి మాత్రం మినహాయింపు. గీత ఎక్కడుందో ఎవరూ అడగరు.

రాజు అన్నా, మీది సరదా, మాది పొట్టకూడు. ఆ రెండు నెలలు ఇల్లు గడవడం ఎంత కష్టమో చెప్పలేను. 2025లో ప్రభుత్వ సాయం కుటుంబానికి 20,000 రూపాయలకి పెంచారు, అయినా అప్పు చెయ్యని ఇల్లు మా వీధిలో లేదు. అయినా తేదీలు ఒకటే కాబట్టి పక్క బోటువాడు మోసం చేస్తున్నాడన్న అనుమానం మాత్రం ఉండదు. మీ దగ్గర ఒక గీతకి రెండు రూల్స్ ఎందుకు పెట్టుకున్నారో అర్థం కాలేదు.

మూర్తి (అలబామాలోని మొబైల్ అనే ఊరు):

లక్ష్మి గారూ, మీరు 2017 దగ్గర ఆగిపోయారు. 2018, 2019ల్లో ప్రయోగంగా చూసి, 2020 నుంచి సొంత బోట్ల సీజన్‌ని గల్ఫ్ తీరంలోని అయిదు రాష్ట్రాలకే అప్పగించారు. కోటా కూడా పంచారు: ఫ్లోరిడాకి దాదాపు 45 శాతం, మా అలబామాకి 26, టెక్సస్‌కి 6 పైచిలుకు. చార్టర్ బోట్లు, అంటే డబ్బు తీసుకుని వేటకి తీసుకెళ్ళేవి మాత్రం ఇంకా ఫెడరల్ సీజన్ కిందే. అంటే రోజులు ఎవరివన్న తగవు ఒక రకంగా తీరిపోయింది. ఇప్పుడు అసలు తగవు లెక్క ఎవరిదన్నది.

అలబామాలో స్నాపర్ పట్టినవాడు ఒడ్డుకి దించేముందే రాష్ట్రానికి చెప్పాలి. ఫోన్లో యాప్ ఉంది. నేను బోటు రేవుకి చేరకముందే నొక్కేస్తాను. ఫెడరల్ వాళ్ళు ఇదివరకు ఇళ్ళకి ఫోన్లు చేసి, తర్వాత ఉత్తరాలు పంపి, ఈమధ్య ఎన్నిసార్లు వేటకెళ్ళారో అడిగి, దాని మీద అంచనా కడతారు. మా లెక్క వాళ్ళ పాత ఫోన్ల లెక్కలో దాదాపు సగం వచ్చింది. దాంతో 2023లో మా కోటాని 0.4875తో గుణించి సగం చేశారు. మిసిసిపీకి ఇంకా ఘోరం, 0.3840. మేము ఒళ్ళు దగ్గర పెట్టుకుని లెక్క చెప్పినందుకు శిక్షా ఇది?

అదే ఏడాది ఆగస్టులో, తమ ఉత్తరాల సర్వేలో ప్రశ్నల వరుస మార్చి చూస్తే అంచనాలు 30 నుంచి 40 శాతం తగ్గాయని ఫెడరల్ వాళ్ళే బయటపెట్టారు. 2021లో శాస్త్రవేత్తలు గల్ఫ్ అంతా గాలించి, రెండేళ్ళు దాటిన స్నాపర్లు దాదాపు 11 కోట్లు ఉన్నాయన్నారు. అంతకుముందు అనుకున్నదానికి అది మూడు రెట్లు. ఇంత తేలాక కూడా ఫెడరల్ లెక్కనే పట్టుకుని వేలాడాలా?

పెన్సకోలా లక్ష్మి:

మూర్తి గారూ, మీ యాప్ లెక్కే మేలైనది కావచ్చు. నేను కాదనను. కానీ కోటా కట్టింది ఫెడరల్ కొలతతో. తవ్వతో కొలిచి పది అని రాసిచ్చిన బియ్యాన్ని మీరు దానికి రెండింతలుండే మానికతో పది తీసుకుంటే బస్తాలో ఏం మిగులుతుంది? 0.4875 అంటే ఆ రెండు కొలతల్ని సమానం చెయ్యడమే. అది శిక్ష కాదు. తప్పు తవ్వదా మానికదా అన్నది వేరే ప్రశ్న. అది తేలేదాకా తీసుకునేది ఇచ్చిన కొలతతోనే తీసుకోవాలి.

11 కోట్ల సంగతి: వాటిలో ఎక్కువ భాగం రాళ్ళూ రిగ్గులూ లేని చదును అడుగున విడివిడిగా ఉన్నవి. మనం గాలం వేసేది రాళ్ళ మీద. మొత్తం మూడు రెట్లయింది కదా అని రాళ్ళ మీద మూడు రెట్లు పడితే ముందు ఆ రాళ్ళే ఖాళీ అవుతాయి. స్నాపర్ 50 ఏళ్ళకి పైగా బతుకుతుంది. ముసలి ఆడచేప పెట్టే గుడ్లకీ, చిన్నదాని గుడ్లకీ పోలికే లేదు. 20 పౌండ్ల చేప పట్టి ఫోటో దిగుతున్నప్పుడు అది గుర్తుంచుకోవాలి.

గాల్వెస్టన్ రాజు:

లక్ష్మి గారూ, తవ్వ, మానిక మాట నాకు తగిలింది. పెత్తనం రాష్ట్రానికి ఇవ్వాలనే ఇప్పటికీ అంటాను. కొలత మాత్రం అయిదు రాష్ట్రాలకీ ఫెడరల్‌కీ ఒకటే ఉండాలని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కానీ మీ ఇద్దరి లెక్కల్లోనూ సరిగ్గా పడని చేప ఒకటుంది. సీజన్ మూసి ఉన్నప్పుడు వేరే చేప కోసం 150 అడుగుల లోతున ఎర వేసినా ముందు కరిచేది స్నాపరే. పైకి లాగేసరికి లోపలి గాలి తిత్తి ఉబ్బి, పొట్ట నోట్లోంచి బయటికి వచ్చేస్తుంది, కళ్ళు పొంగిపోతాయి. రూల్ ప్రకారం వదిలేస్తాం. అది మునగలేక పక్కకి ఒరిగి తేలుతూ పోతుంది. కాసేపటికి డాల్ఫిన్ వచ్చి లాక్కుపోతుంది. మొదటిసారి చూసినప్పుడు మా అబ్బాయి "నాన్నా, దాన్ని వదిలామా, చంపామా?" అని అడిగాడు. నేనేం చెప్పలేకపోయాను.

2022 జనవరి నుంచి 2026 జనవరి దాకా గల్ఫ్ ఫెడరల్ నీళ్ళలో, చేపని మళ్ళీ అడుక్కి దించే పరికరమో, గాలి తీసే సూదో బోటు మీద సిద్ధంగా ఉండాలని చట్టం పెట్టారు. నేను బరువు కట్టిన క్లిప్పు వాడతాను. కింది పెదవికి తగిలించి తాడు వదులుతాను. లోతుకి వెళ్ళేకొద్దీ ఉబ్బు తగ్గుతుంది. తాడు ఒక్కసారి తేలికైతే చేప విడిపించుకుని వెళ్ళిందన్నమాట. ఆ క్షణం కోసం ఇప్పుడు మా వాడు నా చేతిలోంచి తాడు లాక్కుంటాడు.

పోయిన వేసవిలో రేవులో సర్వే చేసే అతను మా కూలర్‌లోంచి చేపలు ఒక్కోటీ తీసి కొలత చెక్క మీద పెట్టి, ముక్కు నుంచి తోక దాకా చూసి రాసుకున్నాడు. నాలుగు ఉన్నాయి. "ఇంకో ఏడు మళ్ళీ దించేశాం, రెండు తేలిపోయాయి" అని మా వాడు చెప్పాడు. అతను కాగితం మళ్ళీ ఒకసారి పైనుంచి కింది దాకా చూసి, దానికి ఇందులో గడి లేదు బాబూ అన్నాడు.