పన్నెండేళ్ల డెస్క్‌టాప్: ముందు ర్యామా, ఎస్‌ఎస్‌డీయా, ప్రాసెసరా?

పర్లాకిమిడి, జెరాక్స్ షాపు
2014లో కొన్న సిస్టమ్. ఐ3-4130 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున్న స్విచ్ వేసి, షాపంతా ఊడ్చి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ముహూర్తాల రోజుల్లో ఒడియాలోనూ తెలుగులోనూ పెళ్ళి కార్డులు చేస్తాను. కస్టమర్ ఎదురుగా నిలబడి ఉంటే ఒకటే టెన్షన్. చేతిలో ఆరు వేలున్నాయి. ఒకరు ర్యామ్ అంటారు, మా బావమరిది గ్రాఫిక్స్ కార్డు అంటాడు. ఏది వేయించమంటారు?

రాయగడ
ప్రాసెసర్ మార్చండి అన్నా. అదే సాకెట్లో ఐ7-4770 కూర్చుంటుంది, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. రెండు కోర్లు నాలుగవుతాయి.

గుణుపురం
దాని మీద రూపాయి కూడా పెట్టొద్దు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అర్హత, మీది నాలుగో తరం. ఆరు వేలకి ఇంకొంత కలిపి ఆఫీసుల్లో వాడి తీసేసిన మిషన్ కొనుక్కోండి.

బరంపురం, రిపేరు పని
కొనే ముందు ఒక్క పని చేయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. కార్డు ఫైలు తెరుచుకునేటప్పుడు సీపీయూ, మెమరీ, డిస్క్ అంకెలు చూసి చెప్పండి.

పర్లాకిమిడి, జెరాక్స్ షాపు
సీపీయూ (ప్రాసెసర్) 14 శాతం, మెమరీ 81, డిస్క్ 100. ఆ 100 నాలుగు నిమిషాల దాకా దిగలేదు. లోపల టిక్ టిక్‌మని చప్పుడు కూడా వస్తోంది.

బరంపురం, రిపేరు పని
ఆ చప్పుడు డిస్క్ పోయే సూచన కావచ్చు, ముందు చేయాల్సింది బ్యాకప్. ఈ రోజే మీ కార్డుల ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసేయండి.

రాయగడ తమ్ముడికి నా మాట: ప్రాసెసర్ 14 దగ్గర ఖాళీగా కూర్చుంటే దాన్ని మార్చి ఏం లాభం? పైగా ఐ3-4130 54 వాట్లది, ఐ7-4770 84 వాట్లది. పాత కూలర్‌కి, కరెంటు అందించే పాత ఎస్‌ఎంపీఎస్ డబ్బాకి అది బరువే.

మిషన్ ఆగుతున్నది డిస్క్ దగ్గర. హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, ముల్లు లాంటి హెడ్ ప్రతి చిన్న ఫైలుకీ అటూ ఇటూ జరగాలి. వందల ఫాంట్లున్న మీ సిస్టమ్‌లో ఆ జరగడానికే పొద్దు గడుస్తుంది. దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయించండి, అది చిప్పుల్లో ఫైళ్లు దాచే డ్రైవ్, కదిలేదేమీ లేదు. రెండున్నర అంగుళాల సాటా రకం అడగండి. పొడుగ్గా బిళ్లలా ఉండే ఎన్‌వీఎంఈ వద్దు, హెచ్81 బోర్డుల్లో సాధారణంగా దానికి చోటుండదు. ఆ బోర్డులో నాలుగు సాటా పోర్టులుంటే రెండే ఎక్కువ వేగంవి, అంటే 6 జీబీపీఎస్‌వి. పక్కనే రాసి ఉంటుంది, చూసి అందులోనే పెట్టించండి.

ర్యామ్ అన్నవారిదీ తప్పు కాదు. మెమరీ చాలనప్పుడు విండోస్ ఆ భారాన్ని డిస్క్ మీదకే తోస్తుంది. ఇంకో 4 జీబీ డీడీఆర్3 వేయించండి. డీడీఆర్4 ఇస్తే తీసుకోవద్దు, గాడి వేరే చోట ఉంటుంది, దిగదు.

గ్రాఫిక్స్ కార్డు వద్దే వద్దు. కార్డుల పనికి ప్రాసెసర్లో ఉన్నదే చాలు. పోయిన వానాకాలం ఒక మిషన్ నా దగ్గరికొచ్చింది. పాత ఎస్‌ఎంపీఎస్ మీదే పెద్ద కార్డు బిగించారు. మూత తీస్తే కెపాసిటర్ల తలలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. బోర్డు కూడా పోయింది. ఆ అబ్బాయి మొహం ఇంకా గుర్తుంది. ఆరు వేలలో ఏమైనా మిగిలితే మంచి ఎస్‌ఎంపీఎస్‌కే పెట్టండి.

గుణుపురం
మరి సెక్యూరిటీ మాటేమిటి? షాపు మిషన్లో జనం ఆధార్ కాగితాలుంటాయి.

బరంపురం, రిపేరు పని
ఆ భయం న్యాయమైనదే, అందులో మీతో వాదన లేదు. లైనక్స్ వేయమందామంటే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్, కీబోర్డు లేఅవుట్లు అందులో తిన్నగా నడవవు. అందుకే దీన్ని కార్డుల పనికే ఉంచి, నెట్ తీసేయండి. బ్యాంకు, ఆధార్ పనులు వేరే మిషన్లో చేయండి.

పర్లాకిమిడి, జెరాక్స్ షాపు
సరేనండి, ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ రెండూ తెప్పిస్తాను. మూత తీసి చూశాను, ఒక ర్యామ్ స్లాటు ఖాళీగానే ఉంది. ఒడియా ఫాంట్లన్నీ మళ్లీ ఎక్కించుకోవాలా?

బరంపురం, రిపేరు పని
అక్కర్లేదు. డిస్క్ ఇంకా చదువుతున్నప్పుడే క్లోన్, అంటే మొత్తం డిస్క్‌ని ఎస్‌ఎస్‌డీలోకి యథాతథంగా కాపీ చేయించండి, ఉన్నవి ఉన్నట్టు వచ్చేస్తాయి. ఆలస్యం మాత్రం చేయకండి.