బోర్డు చేతికి రాకముందే డ్రైవర్‌ను పరీక్షించవచ్చా?

కావలి నుంచి:
రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ కొలిచే పెట్టె ఒకటి చేస్తున్నాం. అందులోని ఐటూసీ చిప్‌కి (క్లాక్, డేటా అనే రెండు లైన్ల మీద మాట్లాడే చిప్) లినక్స్ డ్రైవర్, అంటే ఆ చిప్‌ని నడిపే ప్రోగ్రామ్, రాసే పని నాది. బోర్డు రావడానికి నెల పడుతుంది. అందాకా సాఫ్ట్‌వేర్‌లో నకిలీ చిప్ పెట్టి పరీక్షిస్తే పనికొస్తుందా?

ఒంగోలు నుంచి:
వృథా, తమ్ముడూ. డేటాషీట్‌ని (చిప్ ఎలా పనిచేస్తుందో చెప్పే కంపెనీ పత్రం) ఒకచోట తప్పుగా చదివావనుకో. డ్రైవర్‌లోనూ అదే తప్పు, నువ్వే రాసిన నకిలీ చిప్‌లోనూ అదే తప్పు. టెస్టు మాత్రం పాసవుతుంది. లినక్స్‌లో ఉన్న ఐటూసీ-స్టబ్ అనే నకిలీ చిప్ చూడు, రిజిస్టర్‌లో (చిప్ లోపల విలువలు ఉండే గడిలో) ఏం రాస్తే అదే తిరిగిస్తుంది. అసలు చిప్‌లలో కొన్ని బిట్లు పని అయ్యాక వాటంతట అవే సున్నా అవుతాయి. నెల ఆగి బోర్డు మీదే చెయ్యి.

నెల్లూరు నుంచి:
అన్న చెప్పిన తప్పు నిజమే, ఆ దెబ్బ నేనూ తిన్నాను. ఆగమనడం మాత్రం ఒప్పుకోను.

పోయినేడు ఇందుకూరుపేట వైపు ఒక గుంట దగ్గర ఇలాంటి పెట్టే పెట్టాం. ఆఫీసులో అసలు బోర్డు మీద నెల రోజులు నడిపాం, ఒక్క తప్పూ రాలేదు. గుంట దగ్గర ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) మోటారు స్టార్టయిన క్షణంలో లైన్‌లోకి నాయిస్ వచ్చింది. చిప్ బైటు మధ్యలో డేటా లైన్‌ని కిందికి లాగి అలాగే పట్టుకుంది. డ్రైవర్ ఎర్రర్ ఇస్తూనే ఉంది, పైన ప్రోగ్రామ్ పాత అంకెనే చూపిస్తూ ఉంది. అది తెల్లవారుజాము, గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ. కాపలా ఉన్నాయన రొయ్యలు పైకి తేలడం చూసి రెండో ఏరియేటర్ వేశాడు కాబట్టి పంట దక్కింది. తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

మందు చిన్నదే. క్లాక్ లైన్ మీద 9 పల్సులు ఇస్తే చాలావరకు చిప్ లైన్ వదిలేస్తుంది. లినక్స్‌లో ఆ రికవరీ ముందే ఉంది, మేం వాడుకోలేదు. బల్ల మీద బోర్డు ఎప్పుడూ అలా చెడలేదు మరి.

అందుకే నకిలీ చిప్ రాయండి, కానీ బుద్ధిగా జవాబిచ్చేది వద్దు. సగంలో ఆగిపోయేది, అసలు పలకనిది, పాత విలువే ఇచ్చేది రాయండి. క్యూఈఎంయూలో (కంప్యూటర్‌ని సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరించే ప్రోగ్రామ్) డ్రైవర్లు రాయడం నేర్పడానికే ఎడ్యు అనే నకిలీ పీసీఐ పరికరం (కంప్యూటర్‌కి తగిలించే కార్డు లాంటిది) ఉంది, దాని కోడ్ చదివితే దారి తెలుస్తుంది. ఇక అన్న చెప్పిన చిక్కుకి, డ్రైవర్ ఒకరు, నకిలీ చిప్ ఇంకొకరు రాయాలి. డేటాషీట్ ఎవరికి వారే చదవాలి.

ఒంగోలు నుంచి:
ఇద్దరు విడిగా రాయడం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఎక్స్86 (మామూలు పీసీల ప్రాసెసర్) మీద నడిచే క్యూఈఎంయూలో క్యాష్ (ప్రాసెసర్ తన దగ్గర ఉంచుకునే డేటా నకలు) తప్పులు బయటపడవు. కొన్ని ఆర్మ్ బోర్డుల్లో డీఎంఏ బఫర్‌ని (పరికరం నేరుగా డేటా రాసే మెమరీ) క్యాష్‌తో సింక్ చేయడం మరిచిపోతే పాత డేటా వస్తుంది. దాన్ని ఏ నకిలీ చిప్ పట్టిస్తుంది?

నెల్లూరు నుంచి:
పట్టించదు, అది బోర్డు మీదే చూడాలి. బోర్డు వచ్చాక కూడా చెడగొట్టే పరీక్ష ఆపొద్దు, తమ్ముడూ. మామూలు పిన్‌లతోనే ఐటూసీ నడిపే ఐటూసీ-జీపీఐఓ డ్రైవర్‌లో ఫాల్ట్ ఇంజెక్టర్ (కావాలని తప్పులు పుట్టించేది) ఉంది. డేటా లైన్‌ని కావాలని కిందికి లాగి చూడొచ్చు, మోటారుతో పనిలేదు.

కావలి నుంచి:
సరే అన్నా. నకిలీ చిప్ పని మా జూనియర్‌కి ఇస్తున్నాను. డేటాషీట్ తను చదవడం పూర్తయ్యేదాకా నా కోడ్ చూపించను.