సమస్యాపూరణం: పలుకరాని వానిఁ బలుకవలయు

నిర్వాహకులు (నల్లగొండ): ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం. దైవం మాటకు అందదంటూనే శతాబ్దాలుగా దైవాన్ని గూర్చి మాట్లాడుతున్నాం. ఆ మాటలకు అర్థం ఎలా కుదురుతుందో పూరణలో కనిపించాలి.

దేవరకొండ సభ్యుడు:

కాదు కాద టంచుఁ గడకు నేది మిగులు
నదియె తాన టంచు నరసి యరసి
మౌన మంది గురువు మఱల శిష్యునితోడఁ
బలుకరాని వానిఁ బలుకవలయు.

వనపర్తి మాస్టారు: ధార చక్కగా ఉంది. ఒక్క సందేహం. ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడి ‘నేతి నేతి’ (ఇది కాదు, ఇది కాదు) అన్నిటినీ తోసేస్తుంటే, చివర ‘అదియె’ అని వేలు చూపడం మరో వర్ణన కాదా?

దేవరకొండ: కాదు మాస్టారూ. బ్రహ్మసూత్రాల మూడవ అధ్యాయంలో ఈ చర్చ ఉంది. ఆ నిషేధం బ్రహ్మానికి అంటగట్టిన రూపాలకే గాని బ్రహ్మానికి కాదంటారు శంకరులు. ఏదీ మిగలకపోతే అది అంతా శూన్యమనే శూన్యవాదమే అవుతుంది. 12వ శతాబ్దపు యూదు తత్త్వవేత్త మైమోనిడీస్ కూడా దేవుడు ఏమి కాడో చెప్పడమే సరైన దారి అన్నాడు.

పానగల్లు సభ్యురాలు: మా ఊరి ఛాయా సోమేశ్వరాలయాన్ని తలచుకుని రాశాను.

నీడ లింగమందు నిలిచి యుండును గాని
కంబ మేది యనుచుఁ గానరాదు
ఛాయఁ జూపి యైన శంభుఁ దలఁచి నోటఁ
బలుకరాని వానిఁ బలుకవలయు.

నిర్వాహకులు: అమ్మా, ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. పగలంతా కదలని ఆ నీడ ఎదురుగా ఉన్న ఏ ఒక్క స్తంభానిదీ అని తేల్చలేము. అయినా అది నీడే, దానికి కారణం ఉంది. 13వ శతాబ్దంలో క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ చెప్పింది దీనికి దగ్గరగా ఉంటుంది. మనిషిని మంచివాడనడం, దేవుణ్ణి మంచివాడనడం ఒకే అర్థంలో కాదు, అలాగని పొంతన లేని అర్థాల్లోనూ కాదు. కార్యాన్ని బట్టి కారణాన్ని తలచినట్లు మాట పైకి సాగుతుంది. మూడవ పాదంలో ‘నోటఁ’ మాత్రం వ్యర్థపదం. ‘భక్తిఁ’ అంటే గణం చెడదు, భావమూ నిండుతుంది.

అలంపురం సభ్యుడు:

కలఁడొ లేఁడొ యనుచుఁ గరిరాజు శంకించి
యపుడె పిలిచె నతని మొఱ్ఱపెట్టి
వాద మెల్ల ముగియు వఱకు నాఁగక నేఁడె
పలుకరాని వానిఁ బలుకవలయు.

నిర్వాహకులు: రెండవ పాదంలో యతి తప్పింది. ‘య’లోని అకారానికి ‘మొ’ చెల్లదు. ‘నతని నార్తితోడ’ అంటే సరిపోతుంది. భావం మాత్రం గట్టిది. పరీక్షించి తేల్చలేని వాక్యానికి అర్థమే లేదని బ్రిటిష్ తత్త్వవేత్త ఏయర్ 1936లో వాదించాడు. ఆ వాదన ‘దేవుడు ఉన్నాడు’ అనే ప్రకటనకు తగులుతుంది గాని, ‘కావవే’ అనే మొరకు తగలదు.

వనపర్తి మాస్టారు: అంత సులువుగా తప్పించుకోలేమండీ. ఎవరిని పిలుస్తున్నామో తెలియకపోతే అది పిలుపే కాదు. పోతన గజేంద్రుడు కూడా ఈ జగత్తు ఎవరి వల్ల పుట్టి ఎవరిలో లయమవుతుందో ఆ ఈశ్వరుణ్ణే శరణు వేడాడు. ‘జన్మాద్యస్య యతః’ (ఈ జగత్తు పుట్టుక మొదలైనవి ఎవరి వల్లనో) అన్న రెండవ బ్రహ్మసూత్రం ఇచ్చే గుర్తూ అదే. వేదాంతులు దాన్ని తటస్థ లక్షణం అంటారు. స్వరూపం చెప్పదు, ఎవరో మాత్రం పోల్చుకోనిస్తుంది. మొర పెట్టేవాడికి ఆపాటి వర్ణన తప్పదు.

నిర్వాహకులు: ఒప్పుకుంటున్నాను. అలంపురం వారూ, యతి సవరించేటప్పుడు మొదటి పాదంలోనే ఆ గుర్తును తేగలరేమో చూడండి. గడువు ఆదివారం సాయంత్రం.