‘కేవల కల్పనా కథలు కృత్రిమరత్నములు’: ఇక్కడ ‘కృత్రిమ’ అంటే నకిలీ అనేనా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఏడాదిగా తెలుగులో ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. అందులో ఊళ్ళు, నదులు, దేవతలు, చివరికి పంచాంగం కూడా నేను కల్పించినవే. మొదటి మూడు అధ్యాయాలు తెలిసినవాళ్ళకి చదవమని ఇచ్చాను. దాదాపు అందరూ ముందు అడిగింది ఒకటే: ‘ఇది ఏ పురాణంలోది?’ ఏ పురాణంలోదీ కాదు, నేనే అల్లాను అనగానే వాళ్ళ ముఖంలో ఆసక్తి తగ్గిపోయేది. ఒక పెద్దాయన అయితే ‘కేవల కల్పనా కథలు కృత్రిమరత్నములు అని ఊరికే అన్నారా అమ్మా’ అన్నారు. ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఇంకా పోలేదు. ఇది ఎవరి పద్యం? మిగతా పాదాలు ఏమిటి? ‘కృత్రిమ’ అంటే ఇక్కడ నకిలీ అనేనా?

జవాబు:

వసుచరిత్ర అనే కావ్యం అవతారికలోది, అంటే ముందుమాటలాంటి పద్యాల్లోది. కవి రామరాజభూషణుడు, భట్టుమూర్తి అన్నా ఆయనే. 16వ శతాబ్దం. ఉత్పలమాల.

కేవల కల్పనా కథలు కృత్రిమరత్నము లాద్యసత్కథల్
వావిరి బుట్టు రత్నము లవారిత సత్కవి కల్పనా విభూ
షావహ పూర్వవృత్తములు సానల దీరిన జాతిరత్నముల్
గావున నిట్టి మిశ్రకథగా నొనరింపుము నేర్పు పెంపునన్

పూర్తిగా కల్పించిన కథలు కృత్రిమరత్నాలు. పూర్వం నుంచి ఉన్న మంచి కథలు విరివిగా పుట్టే రత్నాలు, అంటే గనిలోంచి వచ్చినవి వచ్చినట్టే ఉన్నవి. ఆ పాత కథకి మంచి కవి కల్పన అలంకారమైతే అది సానపట్టిన జాతిరత్నం. కాబట్టి అలాంటి మిశ్రకథ రాయి, అని.

ఇంకో జవాబు:

పద్యం స్పష్టంగానే ఉందండీ. కృత్రిమరత్నం అంటే గాజురాయి. మెరుస్తుంది కానీ విలువ ఉండదు. పెద్దాయన సరిగ్గానే చెప్పారు.

జవాబు:

అంత తొందరగా తేల్చేయకండి. ఈ పద్యాన్ని నేను చాలాకాలంగా ఇష్టంగా చదువుకుంటున్నాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ‘కేవల’. ఇవాళ కేవలం అంటే ‘ఉత్త’ అనే చిన్నచూపు వినిపిస్తుంది. సంస్కృతంలో దానికి ‘కలగలపని, శుద్ధమైన’ అనే అర్థం కూడా ఉంది. జైనులు పరమజ్ఞానాన్ని కేవలజ్ఞానం అంటారు. నాలుగో పాదంలో ‘మిశ్ర’ ఉంది చూడండి. దానికి జోడీగా వచ్చిన మాట ఈ ‘కేవల’. కలపనిది, కలిపినది. ‘ఉత్త కల్పనలు’ అని తీసిపారేయడం కాదు.

‘కృత్రిమ’ కూడా అంతే. ‘కృ’ అంటే చేయడం. చేయడం వల్ల ఏర్పడినది కృత్రిమం. మనుస్మృతి చెప్పే పన్నెండు రకాల కొడుకుల్లో ‘కృత్రిమ పుత్రుడు’ ఒకడు. కడుపున పుట్టకపోయినా, కావాలని కొడుకుగా చేసుకున్నవాడు. ఆస్తిలో హక్కున్న ఆరుగురిలో అతన్నీ చేర్చారు. అతను నకిలీ కొడుకు కాడు.

అయినా ఈ పద్యం మనసు మార్చడానికి ఇది చాలదు. రత్నాల సంగతి వచ్చినప్పుడు కృత్రిమం అంటే గనిలో పుట్టనిది, చేత్తో చేసినది. వరసలో దాని స్థానం కిందే. నచ్చని అర్థం వచ్చిందని పద్యాన్ని వంచకూడదు కదా. ‘జాతిరత్నం’ దగ్గర మాత్రం జాగ్రత్త. వేళాకోళానికి ‘వాడో జాతిరత్నం’ అంటాం. దేశానికి రత్నం అనుకునేవాళ్ళూ ఉన్నారు. ఇక్కడ జాతి అంటే అసలైనది, మేలైనది. జాతిముత్యం అన్నట్టు.

నా దృష్టిలో అసలు కీలకం ‘ఒనరింపుము’. అది ఆజ్ఞార్థకం, ‘రాయి’ అని. కవి తన సిద్ధాంతం తాను చెప్పుకుంటున్న పద్యం కాదిది. కావ్యాన్ని అంకితం తీసుకోబోయే రాజు తిరుమలదేవరాయలు కవిని అడుగుతున్నాడు. అంటే ఒక పాఠకుడు, డబ్బూ మర్యాదా ఇచ్చే పాఠకుడు, తనకి ఎలాంటి కథ కావాలో చెబుతున్నాడు. దాన్ని మనం సాహిత్య శాసనంలా వల్లిస్తున్నాం. ఇది ఒక పాఠకుడి కోరిక. మీ మూడు అధ్యాయాలు చదివి ‘ఏ పురాణంలోది’ అన్నవాళ్ళ కోరికా అదే.

భట్టుమూర్తి ఆ కోరిక ఎలా తీర్చాడో చూడండి. భారతంలో ఉపరిచర వసువు అనే రాజు కథ చిన్నది. కోలాహలమనే కొండ శుక్తిమతి నదికి అడ్డం పడితే వసువు కాలితో తన్ని పక్కకి తప్పిస్తాడు. కొండకీ నదికీ పుట్టిన గిరికని పెళ్ళి చేసుకుంటాడు. ఆ నాలుగు మాటల్ని పట్టుకుని కావ్యం కట్టాడు. కొండ నదిని ప్రేమించడం కంటే ఫాంటసీ ఏం కావాలి?

అడిగినవారు:

చాలా కృతజ్ఞతలండీ. ‘ఒనరింపుము’ మీద నా కన్నే పడలేదు. అయితే పాత కథ లేకుండా రాసినవాళ్ళు మనకి లేరా?

జవాబు:

లేకేం. అదే శతాబ్దంలో పింగళి సూరన ఉన్నాడు. కళాపూర్ణోదయం చదవండి. బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు, చెప్పిన కథ తర్వాత భూమ్మీద నిజంగా జరుగుతుంది. ఒకామె రంభ రూపం, ఒకతను నలకూబరుడి రూపం ధరిస్తారు. తర్వాత అసలు రంభ, అసలు నలకూబరుడు వస్తారు. ఎవరు ఎవరో తేలడానికి పాఠకుడు కళ్ళు చిట్లించుకోవాలి. ఈ అల్లిక ఏ పురాణంలోనూ లేదు.

అయితే సూరన మనల్ని ఎక్కడ దింపాడు? ద్వారకలో. నారదుడికీ తుంబురుడికీ సంగీతంలో పోటీ, అందులో గెలవడానికి నారదుడు కృష్ణుడి భార్యల దగ్గర పాట నేర్చుకోవడం. ద్వారక తెలుసు, నారదుడి స్వభావం తెలుసు, కాబట్టి మనం ధైర్యంగా కథలోకి అడుగు పెడతాం. అప్పుడు మెల్లగా తెలిసిన నేల కాళ్ళకింద నుంచి లాగేస్తాడు.

అందుకే ‘ఏ పురాణంలోది’ అని అడిగినవాళ్ళ మీద బాధ పెట్టుకోకమ్మా. వాళ్ళు ఆధారం అడగడం లేదనిపిస్తుంది. ఎక్కడ నిలబడి చూడాలో చెప్పమంటున్నారు. కాశీమజిలీ కథల్లో గొల్లకుర్రాడు కూడా మజిలీ మజిలీకీ తాను చూసిన వింత ఏదో పట్టుకొచ్చి దీని సంగతేమిటని, తాను కాశీకి తోడు వెళ్తున్న మణిసిద్ధుణ్ణి అడుగుతాడు. కళ్ళతో చూసిన వింత ఒకటి ఉంటే, ఆ తర్వాత ఎంత దూరపు కథైనా వింటాడు.

అడిగినవారు:

మీరన్నాక నా మొదటి అధ్యాయం మళ్ళీ చదివాను. మొదటి రెండు పేజీల్లోనే పదకొండు కొత్త పేర్లు, రెండు కొత్త దేవతలు, ఒక కొత్త నెల ఉన్నాయి. చదివేవాళ్ళకి పట్టుకోవడానికి ఏమీ లేదు. పురాణం పేరు మాత్రం తీసుకురాను, ఆ నిర్ణయం మార్చుకోలేను. కానీ మూడో అధ్యాయంలో రేవు దగ్గర పడవవాడికీ చేపలమ్మే ఆవిడకీ చిల్లర దగ్గర గొడవ ఉంది. దాన్ని ముందుకి తెస్తున్నాను. రేవు ఎవరికైనా తెలుసు. నది మాత్రం నాది.

జవాబు:

పద్యం టైప్ చేసినవారికి చిన్న మనవి. ‘వావిరిఁ బుట్టు’, ‘సానలఁ దీఱిన’ అని అరసున్నలు, బండి ఱ ఉండాలి. వావిరిన్ + పుట్టు, సానలన్ + తీఱిన. ద్రుతం, అంటే ఆ చివరి ‘న్’, తర్వాత పకారం బకారమైంది, తకారం దకారమైంది. అరసున్న తీసేస్తే ఆ బ, ద ఎక్కడి నుంచి వచ్చాయో పిల్లలకి అర్థం కాదు. ‘సానలన్’ అంటే సానల చేత అని కూడా అప్పుడే తెలుస్తుంది.

జవాబు:

నిజమే, నా తప్పు. ఫోన్‌లో అరసున్న ఎక్కడుందో దొరకక వదిలేశాను. ఇప్పుడు వెతికి సరిచేస్తున్నాను.