గ్రావిటేట్: మొగ్గడమా, మళ్లడమా, తేలడమా?

ప్రశ్న: గ్రావిటేట్ అనే ఇంగ్లీషు క్రియను తెలుగులో ఎక్కువగా 'ఆకర్షింపబడు' అనో 'మొగ్గు చూపు' అనో రాస్తున్నారు. నాకు రెండూ ఎబ్బెట్టుగానే ఉన్నాయి. సరైన మాట ఏది? టెండ్, ఇన్‌క్లైన్, లీన్, డ్రిఫ్ట్ అన్నీ దీనికి పర్యాయపదాలేనా?

జవాబు: మీకు అలా అనిపించడం సహజమేనండీ. 'ఆకర్షింపబడు'లోని ఆ 'బడు' మాటల్లో ఎవరి నోటా రాదు, అది మొదటి చిక్కు. రెండోది ఇంకా పెద్దది. ఆకర్షణ అనగానే లాగే శక్తి అంతా అవతలి వస్తువుదే అన్న అర్థం వస్తుంది. గ్రావిటేట్ కథ వెళ్లేవాడి బరువుతో మొదలైంది. లాటిన్‌లో గ్రావిస్ అంటే బరువైనది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఈ క్రియకు బరువుతో కిందికి నొక్కడం అనే అర్థం ఉండేది. 1687లో న్యూటన్ గురుత్వాకర్షణ సిద్ధాంతం వెలువడ్డాక గ్రహాల కదలికల చర్చల్లో బాగా పాతుకుపోయింది. ఇవాళ మనుషుల ఇష్టాల గురించి వాడుతున్నా ఆ బరువు వాసన పోలేదు. ఎవరూ తొయ్యరు, తనూ గట్టిగా నిర్ణయం తీసుకోడు, అయినా తన స్వభావం కొద్దీ మెల్లగా అటే చేరతాడు. మన సామెతలో 'నీరు పల్లమెరుగు' అన్నట్టు.

మన 'గురుత్వాకర్షణ'లోని గురు, ఆ గ్రావిస్ ఒకే మూలం నుంచి పుట్టిన తోబుట్టువులు. సంస్కృతంలో గురు అంటే మొదట బరువైనది అనే. ఛందస్సులో గురువు, లఘువు అంటున్నామే, ఆ గురువే. గ్రీకులో ఇదే కుదురు మాట బారుస్. బారోమీటర్‌లో ఉన్నది దాని చుట్టమే. కాబట్టి గ్రావిటీని గురుత్వం అన్నవాళ్లు అర్థాన్నే కాదు, వేరును కూడా పట్టుకున్నారు. నాకు ఎంతో ఇష్టమైన అనువాదాల్లో ఇదొకటి.

ఇక 'మొగ్గు'. తక్కెడ ఒకవైపు మొగ్గింది అంటాం. అంటే రెండు వైపులు ఉండాలి, వాటిలో ఒకటి బరువెక్కాలి. 'సభ్యులు రెండో ప్రతిపాదన వైపు మొగ్గారు' అన్నప్పుడు చక్కగా కుదురుతుంది, కానీ అది లీన్‌కో ఇన్‌క్లైన్‌కో సరిపోయే మాట. అందులో ఎంపిక ఉంది. ఇప్పుడు ఎటు ఉన్నారో చెబుతుంది గానీ, అక్కడిదాకా ఎలా వచ్చారో చెప్పదు. గ్రావిటేట్‌కు ఆ నడకే ప్రాణం.

ఒక వాక్యం తీసుకుందాం. పదిమందిలో కలవలేని ఒక మనిషి ఏ ఇంటికి వెళ్లినా పుస్తకాల అర దగ్గరికి గ్రావిటేట్ అవుతాడని ఇంగ్లీషులో రాశారనుకోండి. 'పుస్తకాల అర వైపు మొగ్గు చూపుతాడు' అంటే అర్థమే మారిపోతుంది. 'పుస్తకాల అర చేత ఆకర్షింపబడతాడు' గురించి చెప్పనే అక్కర్లేదు. నేనైతే ఇలా రాస్తాను: 'ఎవరింటికి వెళ్లినా చివరికి పుస్తకాల అర దగ్గరే తేలతాడు.' ఆ 'తేలడం'లో అనుకోకుండా చేరడం ఉంది, ప్రతిసారీ అక్కడికే చేరడమూ ఉంది. 'కాళ్లు అటే లాగుతాయి' అన్నా బాగుంటుంది.

కొన్నేళ్ల పాటు జరిగే మార్పయితే 'తేలు' చాలదు. చిత్రకళ నేర్చుకోవడానికి వెళ్లినవాడు మెల్లమెల్లగా శిల్పం లోకి వచ్చాడనుకోండి. అక్కడ 'మళ్లు' వాడాలి, దానికి మన సహాయక క్రియను తగిలించాలి: 'క్రమంగా శిల్పం వైపు మళ్లుతూ వచ్చాడు.' నెమ్మదితనాన్ని ఇంగ్లీషు ఈ క్రియ లోపలే దాచుకుంది. తెలుగులో ఆ పనిని 'తూ వచ్చు', 'తూ పోవు' ఎంతో హాయిగా చేస్తాయి. ఇంగ్లీషు ఒక్క మాటకు తెలుగులోనూ ఒక్క మాటే కావాలని పట్టుబట్టడం వల్లే 'ఆకర్షింపబడు' లాంటివి పుడుతున్నాయి.

డ్రిఫ్ట్ దీనికి దగ్గరగా కనిపిస్తుంది గానీ, దానికి గమ్యం ఉండనక్కర్లేదు. గాలికో నీటికో కొట్టుకుపోవడం అది. గ్రావిటేట్‌కు మాత్రం ఒక కేంద్రం తప్పనిసరి. అందుకే దాని తర్వాత టు, టువార్డ్ లాంటివి వస్తాయి.

మళ్లీ ప్రశ్న: మరి టెండ్? దాన్ని 'ధోరణి కలిగి ఉండు' అనవచ్చా?

జవాబు: దయచేసి వద్దండీ. 'అలసిపోయినవారు పొరపాట్లు చేసే ధోరణి కలిగి ఉంటారు' అని చదివితే ఊపిరాడదు. 'అలసిపోయినప్పుడు పొరపాట్లు చేస్తుంటాం' అంటే చాలు. ఆ 'తుంటాం'లోనే టెండ్ మొత్తం ఉంది. కావాలంటే ముందు 'మామూలుగా' చేర్చండి. నామవాచకంగా 'ధోరణి' మంచి మాటే, దాన్ని క్రియగా సాగదీసినప్పుడే ఇబ్బంది.

ఇంగ్లీషు రాసేటప్పుడు ఇంకో తేడా గుర్తుంచుకోవాలి. టెండ్ తర్వాత టు వచ్చి, ఆపైన మరో క్రియ రావచ్చు. గ్రావిటేట్ తర్వాత అలా కుదరదు. ఫలానా చోటికి, ఫలానా మనిషి వైపు, ఫలానా విషయం వైపు అని నామవాచకమే రావాలి.

టెండ్‌కు మూలమైన లాటిన్ క్రియకు అర్థం సాచడం, చాచడం. మనం రోజూ పడే టెన్షన్ కూడా అక్కడిదే, బిగదీయడం అన్నమాట. సంస్కృతంలో సాగదీయడం అనే అర్థమున్న 'తన్' ధాతువు, దాన్నుంచి వచ్చిన తంతువు ఈ కుటుంబానివే. ఇన్‌క్లైన్‌కూ ఇలాంటి చుట్టరికమే ఉంది: వాలడం, ఆనుకోవడం అనే దాని మూలార్థమే మన 'ఆశ్రయం'లోని 'శ్రి' ధాతువుది. ట్రెండ్ మాత్రం టెండ్‌కు ఏమీ కాదు, చూడ్డానికి ఒకేలా ఉన్నా సరే. అది పాత ఇంగ్లీషులో తిరగడం, దొర్లడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది; తర్వాత నదులు, తీరరేఖలు ఒకవైపు తిరిగి సాగడానికి వాడారు.